పాత బేస్‌బాల్ కార్డుల ధర ఎటు పోతుందో ముందే అంచనా వేయడం ఎలా? (1950–60ల టాప్స్ కంపెనీ కార్డులు)

ఎడిసన్_కుర్రాడు

అందరికీ నమస్కారం. 6,000 డాలర్ల బడ్జెట్‌తో గ్రేడ్ అయిన (నాణ్యతకి 1 నుంచి 10 లోపు అంకె వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన) పాత కార్డులు నాలుగైదు కొని, రెండేళ్లు ఉంచి అమ్మాలన్నది ఆలోచన. జాబితా ఇది (బ్రాకెట్లో కార్డు నంబరు): 1954 టాప్స్ హ్యాంక్ ఆరన్ (128), 1955 టాప్స్ రాబర్టో క్లెమెంటే (164), అదే సెట్‌లో శాండీ కోఫాక్స్ (123), 1963 టాప్స్ పీట్ రోజ్ (537). నాలుగూ రూకీ కార్డులే, అంటే ఆ ఆటగాళ్ల మొదటి కార్డులు. గ్రేడ్ పీఎస్ఏ (గ్రేడ్ వేసే కంపెనీ) 3 నుంచి 5 లోపు, బడ్జెట్‌కి ఏది సరిపోతే అది.

ఈబేలో అమ్ముడైన ధరలు షీట్‌లోకి ఎక్కించి, నెలవారీ సగటు తీసి గీత గీస్తే, ఒక నెల 18 శాతం పైకి, మరుసటి నెల 15 శాతం కిందికి పోతోంది. దీన్ని ట్రెండ్ అనుకోవాలా?

ఇంకో మూడు సందేహాలు. మూడు నెలల కంటే వెనకటి ధరలు ఎక్కడ దొరుకుతాయి? పాప్ రిపోర్ట్‌ని (ఏ కార్డుకి ఏ గ్రేడ్ ఎన్నింటికి వేశారో చెప్పే పీఎస్ఏ పట్టికని) లెక్కలోకి ఎలా తీసుకోవాలి? 2027 డిసెంబర్‌లో రోజ్ పేరు హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా) కమిటీ ముందుకు రావచ్చు కాబట్టి ఆ కార్డు ఇప్పుడే కొనడం తెలివైన పనేనా?

పాతముక్కల_అంగడి

ముందు షీట్‌ని శుభ్రం చేయండి, గీత సంగతి తర్వాత. మన ఊళ్లో ప్లాటుకి చెప్పే రేటు వేరు, బేరం తెగిన రేటు వేరు. ఇక్కడా అంతే. తెగిన ధర తప్ప వేరే ఏదీ షీట్‌లో ఉండకూడదు, తెగినట్టు కనిపించేవన్నీ తెగినవీ కావు.

ఈబేలో "సోల్డ్" ఫిల్టర్ 90 రోజుల వరకే చూపిస్తుంది. అమ్మకందారు ఖాతా ఉంటే అందులోనే టెరాపీక్ రీసెర్చ్ ద్వారా ఇంకా వెనక్కి వెళ్లొచ్చు. "బెస్ట్ ఆఫర్" ఒప్పుకున్న అమ్మకాల్లో ధర మీద అడ్డగీత ఉంటుంది. అది అమ్మినవాడు అడిగిన ధర మాత్రమే, తెగింది అంతకంటే తక్కువ. అసలు అంకె కోసం 130 పాయింట్ సైట్‌లో వెతకండి. మీ షీట్‌లో ఈ అడ్డగీత ధరలు ఉన్నట్టయితే మొత్తం లెక్క పైకి వంగిపోయి ఉంటుంది. పాత కార్డులకి వింటేజ్ కార్డ్ ప్రైసెస్, అన్ని కార్డులకీ కార్డ్ ల్యాడర్ అనే ధరల సైట్లు ఉన్నాయి, రెండూ చందా కట్టాల్సినవే. పీఎస్ఏ సైట్‌లో వేలం ధరల పేజీ ఉచితం, కొన్ని కార్డులకి చాలా ఏళ్ల వెనక్కి పోతుంది.

తర్వాత ఏరివేత.

డబ్బు కట్టని పాటలు తీసేయండి. ఒక సర్టిఫికెట్ నంబరు (గ్రేడ్ అయిన ప్రతి కార్డుకీ లేబుల్ మీద ఉండే సొంత నంబరు) 1,400కి తెగి, రెండు మూడు వారాల్లో అదే నంబరు మళ్లీ పాటకి వచ్చి 1,150కి పోయిందనుకోండి. మొదటిది చాలావరకు డబ్బు కట్టకుండా పారిపోయిన పాటో, అమ్మేవాడి మనుషులు పెంచిన దొంగపాటో అయి ఉంటుంది. దాన్ని కొట్టేసి రెండోదే ఉంచండి. స్లాబ్ (సీలు చేసిన పెట్టె) ఫొటోలో నంబరు కనిపిస్తుంది, అందుకని ప్రతి వరసలో సర్టిఫికెట్ నంబరుకి ఒక గడి తప్పనిసరి.

క్వాలిఫయర్ (గ్రేడ్ పక్కన లోపం చెప్పే అక్షరాలు) ఉన్నవి వేరే పెట్టండి. "7 ఓసీ" అంటే సెంటరింగ్ తప్పిన, బొమ్మ మధ్యలో లేని 7. పీఎస్ఏ సెట్ రిజిస్ట్రీలో (సేకరణల పోటీ జాబితాలో) దానికి రెండు గ్రేడ్లు తగ్గించి లెక్కేస్తారు, అంటే 5తో సమానం. సిరా మరక, పెన్ను గుర్తు, ముద్రణ లోపం ఉన్నవాటికీ ఇలాంటి అక్షరాలే ఉంటాయి. వీటిని మామూలు 7లతో కలిపితే సగటు కిందికి జారుతుంది.

వేలం సంస్థల ధరలకీ ఈబే ధరలకీ మధ్య తేడా చూసుకోండి. పెద్ద వేలంలో చివరి పాట మీద కొనేవాడు 20 శాతం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ ప్రీమియం కడతాడు. ఒక సైట్ ప్రీమియం కలిపి చూపిస్తుంది, ఇంకోటి కలపకుండా చూపిస్తుంది. అన్నిటినీ "కొన్నవాడు పన్ను కాక కట్టిన మొత్తం" కింద మార్చుకోండి.

ఎస్‌జీసీ, బెకెట్ అనే వేరే గ్రేడింగ్ కంపెనీల స్లాబులని పీఎస్ఏతో కలపకండి. 2024లో పీఎస్ఏ మాతృసంస్థ ఎస్‌జీసీని కొనేసినా బజారులో రెండింటి ధరలు ఒకటి కాలేదు.

ఇంత చేశాక నెలకి మీకు మిగిలేవి మూడో నాలుగో అమ్మకాలు. వాటికి సగటు తీయకండి, మధ్యస్థం తీయండి. అదీ నెలకి కాదు, మూడు నెలలకి.

లెక్కల_మాస్టారు

ఆ 18 శాతం, 15 శాతం సంగతి అంకెల్లోనే చూద్దాం.

ఒకే కార్డు, ఒకే గ్రేడ్, ఒకే నెల తీసుకున్నా ధరలు ఒకటిగా ఉండవు. బొమ్మ మధ్యలో చక్కగా కూర్చున్న పీఎస్ఏ 4కీ, ఒక పక్కకి ఒరిగిపోయిన పీఎస్ఏ 4కీ లేబుల్ ఒకటే, ధర వేరు. ఈ చెదురు లాగరిథమ్ లెక్కలో 0.20 ఉందనుకుందాం, అంటే ఒక ధర మధ్య విలువకి 18 శాతం కిందా 22 శాతం పైనా ఉండటం మామూలే. (మీ షీట్ నుంచి అసలు అంకె మీరే తీయండి, ఇది ఉదాహరణ.) నెలకి నాలుగు అమ్మకాలుంటే సగటులో పొరపాటు 0.20ని 2తో భాగించాలి, 0.10. రెండు నెలల తేడాలో పొరపాటు దాదాపు 0.14. అంటే ధర ఒక్క డాలరు కూడా కదలకపోయినా మీ గీత 14 శాతం ఎగిరి పడుతూ కనిపిస్తుంది, అప్పుడప్పుడూ దానికి రెట్టింపు కూడా. మీరు చూసింది ట్రెండ్ కాదు, ఏ నెలలో ఏ కార్డు అమ్మకానికి వచ్చిందన్న చీటీల ఆట.

దీనికి మందు రెండు రకాలు.

మొదటిది, ఒకే సర్టిఫికెట్ నంబరు రెండుసార్లు అమ్ముడైన జతలు. 2023 మార్చిలో 800కి, 2024 సెప్టెంబర్‌లో 920కి పోయిందంటే 18 నెలల్లో నిష్పత్తి 1.15, ఏడాదికి 9.8 శాతం. కార్డు అదే కాబట్టి సెంటరింగ్, మూలలు, రంగు అన్నీ కొట్టుకుపోతాయి, మిగిలేది బజారు కదలికే. ఇళ్ల ధరల సూచీల్లో వాడే పద్ధతే ఇది. ప్రతి జతకీ ఒక వరస, ప్రతి త్రైమాసికానికీ ఒక నిలువు గడి. కొన్న త్రైమాసికంలో −1, అమ్మిన త్రైమాసికంలో +1, మిగతావాటిలో 0. ధరల నిష్పత్తి లాగరిథమ్‌ని వీటి మీద రిగ్రెషన్ చేస్తే త్రైమాసిక సూచీ వస్తుంది. ఒక్క మెలిక: నష్టంలో ఉన్నవాళ్లు అమ్మకుండా బీరువాలో పెట్టుకుంటారు, లాభం వచ్చినవాళ్లు బయటికి తెస్తారు. అందుకే బజారు పడుతున్నప్పుడు ఈ సూచీ ఉన్నదానికంటే బాగున్నట్టు చూపిస్తుంది.

రెండోది, జతలు చాలనప్పుడు. 2, 3, 4, 5, 6 గ్రేడ్లన్నీ కలిపి, ధర లాగరిథమ్ = గ్రేడ్ + త్రైమాసికం + అమ్మిన చోటు అని ఒకే సమీకరణం. అయిదు గ్రేడ్ల అమ్మకాలు కలుస్తాయి కాబట్టి త్రైమాసికానికి 3కి బదులు 20–30 అమ్మకాలు చేతిలో ఉంటాయి. వీలైతే సెంటరింగ్ కూడా ఒక గడి పెట్టండి. ఫొటో మీద స్కేలు పెట్టి ఎడమ, కుడి అంచులు కొలిచి 60/40, 75/25 అని రాసుకోవడమే. విసుగు పుట్టే పనే, కానీ చెదురు తగ్గేది దీనితోనే.

స్టాక్ సూచీలు, వడ్డీ రేట్లు, బిట్‌కాయిన్, గూగుల్ వెతుకులాటలు ఇవన్నీ మోడల్‌లో కూరకండి. ఎనిమిదేళ్ల త్రైమాసిక డేటా అంటే 32 చుక్కలు. 32 చుక్కలకి పది కారణాలు తగిలిస్తే గతం అద్దంలా సరిపోతుంది, భవిష్యత్తు చెప్పలేదు. పరీక్ష ఇలా పెట్టండి: చివరి ఆరు త్రైమాసికాలు దాచి, అంతకుముందు డేటాతో అంచనా వేయండి. "ధర ఇప్పుడున్న చోటే ఉంటుంది" అనే బద్ధకపు అంచనాతో పోల్చండి. దాన్ని ఓడించలేని మోడల్‌ని పక్కన పడేయండి. చాలావరకు ఓడించలేదు.

కాస్తో కూస్తో పనికొచ్చేది గ్రేడ్ల మధ్య నిష్పత్తి. ఒక కార్డుకి పీఎస్ఏ 5 ధర పీఎస్ఏ 3కి ఏళ్ల తరబడి 2.2 రెట్లు ఉండి, గత రెండు త్రైమాసికాల్లో 1.7కి వస్తే, 5 పోల్చి చూస్తే చవకైందని అర్థం. అది మళ్లీ సర్దుకోవచ్చు. అయితే ముందు కారణం వెతకాలి. అమ్ముడైన 5లన్నీ ఒరిగిపోయిన సెంటరింగ్‌వా? పాత లేబుళ్ల స్లాబులా? పాత లేబుళ్లలో గ్రేడ్ కాస్త ఉదారంగా వేశారని కొనేవాళ్లలో ఒక నమ్మకం ఉంది, అలాంటివి తక్కువకే తెగుతాయి. ఏ కారణమూ దొరకకపోతేనే చవక.

వరంగల్_బ్యాట్

మాస్టారూ, లెక్క మంచిగనే ఉన్నది. గని ఖర్చు సంగతి ఎవ్వరూ మాట్లాడుతలేరు. తమ్మీ, నువ్వు న్యూజెర్సీల ఉంటవ్ గద, చూడు.

వేలంల పాట 1,000 డాలర్లకి ఆగింది. ప్రీమియం 20 శాతం, 1,200 అయింది. దాని మీద న్యూజెర్సీ సేల్స్ ట్యాక్స్ 6.625 శాతం, 1,279.50. రెండేండ్లయినంక ఈబేల అమ్ముతవ్, ఫీజు సుమారు 13 శాతం. నీ 1,279.50 నీకు తిరిగి రావాల్నంటె కార్డు 1,471కి అమ్ముడుపోవాలె. పోస్టేజీ, ఇన్సూరెన్స్ ఇంక వేరే. 1,200 ధర 1,471 అయిందంటె 22 శాతంకి ఎక్కువనే పెరిగినట్టు. అంత పెరిగితెనే నీకు సున్న లాభం. రెండేండ్లల ఏడాదికి 10 శాతం పెరిగినా నష్టమే.

గందుకే కొనేతప్పుడు ఖర్చు తగ్గించుకోవాలె. కార్డు షోలల్ల చేతికి చేతి నగదు బేరం జెయ్యి, అమ్మేటోనికి ఈబే ఫీజు మిగులుతది, అండ్ల సగం నీకు అడుగు. అమ్మేతప్పుడు గూడ గట్లనే. లాభమొస్తె ఏడాదికి మించి ఉంచుకున్న కలెక్టబుల్స్ మీద ఫెడరల్ ట్యాక్స్ 28 శాతం దాంక పోతది, షేర్లకున్నట్టు 15, 20 కాదు. బిల్లులన్ని దాచిపెట్టుకో.

ఎడిసన్_కుర్రాడు

వరంగల్ అన్నా, ఆ 22 శాతం లెక్క ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, థాంక్స్. అడ్డగీత ధరలు నా షీట్‌లో నిజంగానే ఉన్నాయి, 40 వరసలు పోయాయి. పాప్ రిపోర్ట్, రోజ్ గురించి ఎవరైనా చెప్తారా?

గోదారోడు_ఒహాయో

పాప్ రిపోర్ట్‌తో మూడు చిక్కులండీ.

అది పెరుగుతుందే గానీ దాదాపు తగ్గదు. ఒకాయన పీఎస్ఏ 4ని పగలగొట్టి, 5 వస్తుందేమోనని మళ్లీ పంపుతాడు. పాత లేబుల్ తిరిగివ్వకపోతే ఒకే కార్డు రెండుసార్లు లెక్కలో ఉంటుంది. ఖరీదైన కార్డుల్లో, గ్రేడ్ మారితే ధర బాగా మారే చోట, ఈ దొంగ లెక్క ఎక్కువ.

రెండోది, సైట్‌లో ఈరోజు అంకే కనిపిస్తుంది, పోయినేడాదిది కాదు. కాబట్టి ప్రతి నెలా ఒకటో తారీఖున మీకు కావాల్సిన కార్డుల అంకెలు మీరే రాసిపెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి వేగం తెలుస్తుంది.

మూడోది అటకమీది పెట్టెలు. 2012లో ఇక్కడే ఒహాయోలోని డిఫయన్స్‌లో ఒక ఇంటి అటక మీద 1910 నాటి ఈ98 అనే సెట్ క్యారమెల్ కార్డులు (మిఠాయితో ఇచ్చినవి) ఇంచుమించు 700 బయటపడ్డాయి, చాలావరకు అద్దంలా ఉన్నవి. ఆ సెట్‌లో పై గ్రేడ్ల అరుదుతనం ఒక్క వేసవిలో తలకిందులైంది. దాన్ని ఏ మోడలూ ముందే చెప్పలేదు. 1950ల టాప్స్‌లో మీరు చూస్తున్న 3–5 గ్రేడ్లకి ఈ భయం తక్కువ, వేల కార్డులు ఇప్పటికే బయట ఉన్నాయి కనుక. భయం ఉండేది 8, 9 దగ్గర.

ఆ గ్రేడ్లకి మీరు చూడాల్సింది పాప్ కాదు, నిల్వ. ఈరోజు అమ్మకానికి పెట్టినవి ఎన్ని, నెలకి తెగుతున్నవి ఎన్ని? 60 పెట్టి ఉండి నెలకి 12 పోతుంటే అయిదు నెలల నిల్వ. అది తొమ్మిది, పది నెలలకి ఎక్కుతోందంటే అమ్మేవాళ్లు ఇంకా పాత ధర పట్టుకు వేలాడుతున్నారని, తెగే ధర త్వరలో దిగొచ్చని. ధర కదలకముందే కదిలే అంకె నాకు తెలిసి ఇదొక్కటే.

సరఫరా అనేసరికి చాలామంది పొరబడేదొకటుంది. అన్నిటికంటే పేరున్న 1952 టాప్స్ మికీ మాంటిల్ (311) కార్డు అరుదైనది కాదు. 311 నుంచి 407 వరకు ఉన్న చివరి సిరీస్ కార్డులు తక్కువే వచ్చాయి, మిగిలిపోయిన పెట్టెల్ని 1960లో టాప్స్ వాళ్లు పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్‌లో పారేశారు, అదంతా నిజమే. కానీ ఆ సిరీస్‌లోనే మాంటిల్, జాకీ రాబిన్సన్ (312), బాబీ థామ్సన్ (313) ముద్రణ షీట్ మీద రెండేసిసార్లు అచ్చయ్యాయి. పక్కనున్న అనామకుల కార్డులకంటే మాంటిల్‌లే ఎక్కువ దొరుకుతాయి. ధర మొత్తం గిరాకీదే. అదే సెట్‌లో 1వ నంబరు ఆండీ పాఫ్కో చూడండి. పిల్లలు కట్టకి రబ్బరు బ్యాండు వేస్తే పైకార్డు అదే, అందుకే నలగనిది దొరకదు. పాఫ్కో పీఎస్ఏ 2 మామూలు ధర, 8 మాత్రం ఆకాశంలో. ఒకటి ఆటగాడి పేరు మీద నడిచే కార్డు, ఇంకోటి గ్రేడ్ మీద నడిచే కార్డు. రెండూ ఒకే సూచీలో కలపకూడదు. మీ క్లెమెంటే కూడా 1955 చివరి సిరీస్ (161–210) లోది, కోఫాక్స్ కాదు. ఒకే సెట్ అని ఒకే లెక్క వేయకండి.

ఇక రోజ్. 2024 సెప్టెంబర్ 30న చనిపోయాడు. 2025 మే 13న బేస్‌బాల్ కమిషనర్ మాన్‌ఫ్రెడ్, ఆట మీద పందేలు కాసినందుకు రోజ్‌కి పడిన శాశ్వత నిషేధం మరణంతో ముగుస్తుందని తేల్చాడు, రోజ్‌తో పాటు షూలెస్ జో జాక్సన్‌కీ అది వర్తించింది. పాతతరం ఆటగాళ్లని చూసే కమిటీ మళ్లీ కూర్చునేది 2027 డిసెంబర్‌లో. 16 మంది సభ్యులు, 12 ఓట్లు కావాలి. అంతకుముందు ఆయన పేరు బ్యాలట్ మీదికి ఎక్కాలి, అది వేరే గండం.

ఈ తారీఖులన్నీ మీకు తెలిసినట్టే అందరికీ తెలుసు, అక్కడే ఉంది చిక్కు. ఆశ ఇప్పటికే ధరలో కలిసిపోయి ఉంది. లెక్క వేసి చూడండి: ఎన్నికైతే 30 శాతం పెరుగుతుందని, కాకపోతే 20 శాతం పడుతుందని, అవకాశం 40 శాతమని అనుకుందాం. 0.4 × 30 = 12, 0.6 × 20 = 12. మిగిలింది సున్నా, ఆపైన వరంగల్ గారు చెప్పిన 22 శాతం ఖర్చు. అవకాశం 40 కాదు 90 అని మీకు గట్టి కారణం ఉంటే తప్ప ఇది పందెమే. కొన్నా కూడా ఓటింగ్ దాకా ఉంచనవసరం లేదు, బ్యాలట్ పేర్లు ప్రకటించిన వారం అమ్మేయొచ్చు. అప్పుడు ఆశ ఎక్కువ, నిరాశ ఇంకా రాలేదు.

మరణవార్తల మీద కొనేవాళ్లకి కూడా ఒక మాట. 2024 జూన్ 18న విల్లీ మేస్ పోయాక జరిగిందీ, ఏ పెద్ద ఆటగాడికైనా జరిగేదీ ఒకటే. మొదటి రెండు రోజులు కొనేవాళ్లు ఎగబడతారు, మూడో రోజు నుంచి అమ్మేవాళ్లు ఎగబడతారు. బీరువాల్లోవి అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. ఆ వారం ధరలు మీ షీట్‌లో వేరే రంగు వేసి, సూచీలో కలపకుండా ఉంచండి.

పాతముక్కల_అంగడి

రోజ్ 537 గురించి ఒక జాగ్రత్త. నలుగురి తలలు గుండ్రాల్లో ఉన్న ఆ కార్డుకి నకిలీలు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. స్లాబ్ లేనిది చవకగా వచ్చిందని కొనకండి. 10 రెట్ల లూప్‌తో (భూతద్దంతో) చూస్తే అసలు కార్డులో నల్ల అక్షరాలు గట్టి సిరాతో ఉంటాయి, తిరిగి ఫొటో తీసి అచ్చేసిన దాంట్లో అక్షరాల అంచులు కూడా చుక్కలుగా విడిపోతాయి.

కొలత కూడా చూడండి. 1957 నుంచి టాప్స్ 2½ × 3½ అంగుళాలు, 1952–56 మధ్య 2⅝ × 3¾. మీ ఆరన్, క్లెమెంటే, కోఫాక్స్ పెద్ద కొలతవి, రోజ్ చిన్నది. అంచు కత్తిరించిన కార్డు మూలలు పదునుగా, గ్రేడ్ బాగా వచ్చేలా కనిపిస్తుంది, గ్రేడింగ్‌కి పంపితే అంకె లేకుండా తిరిగొస్తుంది. స్లాబ్‌లో ఉన్నదైనా సర్టిఫికెట్ నంబరు పీఎస్ఏ సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోతో సరిచూడండి. కొత్తవాటికి ఫొటో ఉంటుంది, పాతవాటికి చాలావాటికి ఉండదు.

లెక్కల_మాస్టారు

గోదారోడు గారి మాటకి ఒక చేర్పు. వార్తల్లోకి వచ్చే రికార్డు ధరలని సూచీలో వేయకండి. 1952 మాంటిల్ పీఎస్ఏ 9 ఒకటి 2021 జనవరిలో 52 లక్షల డాలర్లకి పోయింది, ఎస్‌జీసీ 9.5 ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకి పోయింది. రెండూ వేర్వేరు కార్డులు, ఏడాదిన్నరలో రెట్టింపైందన్నది అబద్ధపు లెక్క. మహమ్మారి రోజుల్లో పొంగిన బజారు 2022లో చల్లబడుతున్నప్పుడే ఆ రికార్డు వచ్చింది. కొండమీదికీ కిందికీ ఒకే వాతావరణం ఉండదు. టీ206 అనే పాత సిగరెట్ కార్డుల సెట్‌లోని హోనస్ వాగ్నర్ ఇంకా విచిత్రం: 2021 ఆగస్టులో ఎస్‌జీసీ 3 కార్డు 66 లక్షలకి, మరుసటి ఆగస్టులో అంతకంటే తక్కువ గ్రేడ్, ఎస్‌జీసీ 2, 72.5 లక్షలకి. అక్కడ ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ల పట్టుదలే ధర.

ఆ 9.5 మాంటిల్‌ని దాని యజమాని 1991లో 50,000కి కొన్నాడు. 31 ఏళ్లలో 252 రెట్లు, ఏడాదికి 19.5 శాతం చొప్పున. దీన్ని చూపించి "పాత కార్డులు ఏటా 20 శాతం" అనేవాళ్లు చాలామంది. ఉన్నవాటిలోకెల్లా మేలైన కార్డుని ముందే ఏరుకుని లెక్క మొదలుపెడితే ఏ సంఖ్యైనా బాగానే వస్తుంది.

మీ జాబితాకి సూటిగా: రెండేళ్లకైతే రోజ్‌ని తీసేయండి. మిగతా మూడింటికీ 2 నుంచి 6 గ్రేడ్ల అమ్మకాలు కనీసం మూడేళ్లవి ఎక్కించి, నిష్పత్తులు, నిల్వ నెలలు చూడండి. ఏ గ్రేడ్ వెనకబడి ఉందో దాంట్లో, సెంటరింగ్ 60/40 లోపు ఉన్నదాన్ని, మధ్యస్థానికి 10 శాతం కింద దొరికితేనే తీసుకోండి. నాలుగైదుకి బదులు రెండు కొన్నా ఫరవాలేదు. జూలై చివర నేషనల్ కన్వెన్షన్ (ఏటా జరిగే పెద్ద కార్డు షో) రోజుల్లో డీలర్లు నగదు కోసం సరుకు దించుతారు, ముఖ్యంగా చివరి రోజు మధ్యాహ్నం. బేరానికి అది మంచి వేళ.

వరంగల్_బ్యాట్

ఆదివారం మధ్యాహ్నం దాంక ఆగితె మంచి సెంటరింగ్ ఉన్నయి ఉండయ్ మాస్టారూ. గవి బుధవారమే పోతయి. ఆదివారం మిగిలేటివి ఒరిగినయే, చవక గూడ అందుకే.

లెక్కల_మాస్టారు

అదీ నిజమే. అయితే బుధవారం వెళ్లి ఫొటోలు తీసి ధర అడిగి పెట్టుకోండి, ఆదివారం అదే బల్ల దగ్గర అదే కార్డు ఇంకా ఉంటే అప్పుడు నగదు చూపించండి.